ఎక్కడున్నాడు, ఎక్కడున్నాడో

నాకు కోపమెక్కువ. ఈ మాట మా ఆయన్ని అడిగినా చెబుతారు, ఆ రోజుల్లో గుడివాడలో నా దగ్గర ఇంగ్లీషు చెప్పించుకున్న ఎవర్నడిగినా చెబుతారు. కానీ ఆ కోపం ఊరికే రాలేదు. ఏళ్ళ తరబడి అందరూ ఒకటే తప్పు, ఒకటే చోట, ఒకటే రకంగా చేస్తుంటే ఎంతటి శాంతమూర్తికైనా ఒళ్ళు మండుతుంది. నేను అసలే శాంతమూర్తిని కాను.

ఆ తప్పేమిటో చెబుతాను. ‘వేర్ ఈజ్ హీ’ అంటే అతనెక్కడున్నాడు అని ప్రశ్న. ఇక్కడిదాకా అందరికీ వచ్చు. అదే ప్రశ్నని ఇంకో వాక్యం కడుపులో పెట్టి, అతనెక్కడున్నాడో నాకు తెలియదు అనాల్సి వస్తే మాత్రం లోపలి మాటల వరస తిరగాలి. ‘ఐ డోంట్ నో వేర్ హీ ఈజ్’ అనాలి. ‘హీ’ ముందుకి రావాలి, ‘ఈజ్’ వెనక్కి పోవాలి. ఇంతే సంగతి. ఈ ఇంతే సంగతి కోసం నేను గొంతు చించుకోని రోజు లేదు. పిల్లలంతా హాయిగా ‘ఐ డోంట్ నో వేర్ ఈజ్ హీ’ అని రాసి, చివర ఒక ప్రశ్నార్థకం కూడా తగిలించి, ఏదో ఘనకార్యం చేసినట్టు నా మొహంలోకి చూసేవాళ్ళు.

పిల్లల్ని అని ఏం లాభం? నేను పనిచేసే ట్యుటోరియల్ కాలేజీ ప్రిన్సిపాల్‌గారే క్లాసులోకి తొంగిచూసి, ‘టెల్ మీ వాట్ ఈజ్ యువర్ డౌట్’ అనేవారు. నేను పిల్లల చేత పొద్దున్నుంచీ కష్టపడి తిప్పించిన వరసని ఆయన ఒక్క మాటతో మళ్ళీ మొదటికి తెచ్చేవారు. ఆయన్ని ఏమనగలం, జీతమిచ్చే మనిషి.

ఇంట్లో అయినా సుఖముందా అంటే అదీ లేదు. మా ఆయన బందరు కోర్టులో గుమాస్తా. పొద్దున్నే పాసింజరు అందుకోవాలి. ఆ తొందరలోనే ఆయనకి ఇంగ్లీషు పొంగుకొచ్చేది. నూతి దగ్గర్నుంచి, “ఐ డోంట్ నో వేర్ ఈజ్ మై టవల్!” అని కేక. వంటింట్లోంచి నేను, “వేర్ మై టవల్ ఈజ్!” అని కేక.

“అదే కదే నేనూ అడుగుతున్నది!” అనేవారాయన.

తువ్వాలు దండెం మీదే ఉండేది. కాపురమంటే ఇదీ.

ఉప్పెన వచ్చి ఏడాది దాటాక ఒక మధ్యాహ్నం, ఒకమ్మాయి మా అరుగు ముందుకొచ్చి నిలబడింది. వెనకాల వాళ్ళమ్మ. దివిసీమలో నాగాయలంక అవతల, సముద్రం వైపు వాళ్ళ ఊరు. తండ్రి ఉప్పెనకి చాలా ముందే పోయాడు; ఇప్పుడు గుడివాడలో మేనమామ ఇంట్లో ఉంటున్నారు. మేనమామ రైసుమిల్లులో పనిచేస్తాడు, మంచివాడు. ఆయన భార్యా చెడ్డదేం కాదు. కాకపోతే ఒక గదీ ఒక వసారా ఉన్న కొంపలో ఇద్దరు మనుషులు వచ్చి ఏడాది పైన ఉండిపోతే ఎవరికైనా మొహం ముడుచుకుంటుంది.

“బందరులో నర్సు ట్రైనింగుకి వెళ్ళాలండీ,” అంది ఆ అమ్మాయి. “చేరితే స్టైపెండిస్తారంట. చిన్న గది చూసుకుని అమ్మని తీసుకుపోతాను. టెన్త్‌లో అన్నీ పాసయ్యానండీ, ఇంగ్లీషొకటే పోయింది.”

“ఎప్పుడు రాశావు?”

“చాలా ఏళ్ళైందండీ. ఈ మార్చిలో రాసి పాసైతేనే. మళ్ళీ ఏడాదికి వయసు దాటిపోతుందంట.”

అంటే ఇదొక్కటే అవకాశం. తప్పితే మేనమామ భార్య ముడుచుకున్న మొహం ముందు బతుకంతా గడపాలి. ఇది విన్నాక కుదరదని ఎలా చెప్పను? సాయంత్రం ట్యుటోరియల్ అయ్యాక ఇంటికి రమ్మన్నాను.

వాళ్ళమ్మని ఎందుకు వెంటేసుకొస్తోందో మొదట్లో నాకు అర్థం కాలేదు. నాలుగు రోజులకి తెలిసింది. ఆవిణ్ణి ఇంట్లో వదిలేస్తే బస్టాండుకి వెళ్ళిపోతుంది. అవనిగడ్డ వైపు నుంచి వచ్చే ప్రతి బస్సు దగ్గరా నిలబడి, దిగినవాళ్ళనల్లా, “మావాడెక్కడున్నాడండీ?” అని అడుగుతుంది. మావాడంటే ఆవిడ కొడుకు, ఈ అమ్మాయి తమ్ముడు. మీసకట్టు వచ్చినవాడు. గాలి లేచిన రోజు గేదెని విప్పి వస్తానని పాక వైపు వెళ్ళాడు. అంతే. ఊళ్ళో చాలామంది దొరికారు, ఏదో ఒక రూపాన. వాడు మాత్రం దొరకలేదు.

ఆవిడ మా అరుగు చివర స్తంభానికి ఆనుకుని కూర్చునేది. రాగానే నన్నూ అడిగేది.

“టీచరమ్మగారూ, మావాడెక్కడున్నాడండీ?”

“ఎక్కడున్నాడో నాకేం తెలుసు పిన్నిగారూ,” అనేదాన్ని. ఆవిడ చప్పున మొహం అటు తిప్పేసుకునేది. రోజూ ఇదే వరస. రోజూ అడగడమెందుకు, చెబితే మొహం తిప్పుకోవడమెందుకు అని నాకు చికాకుగా ఉండేది.

ఇక చదువు సంగతి. వ్యాసాలు బట్టీ పట్టించాను, పట్టేసింది. సెలవు చీటీ, తండ్రికి ఉత్తరం, ఆవు మీద పది వాక్యాలు, అన్నీ గడగడా అప్పజెప్పేది. కానీ ఒకరన్న మాటని మన మాటల్లోకి మార్చే ప్రశ్న ఒకటి ప్రతి పరీక్షలోనూ వస్తుంది. అది బట్టీకి లొంగదు, ఏ వాక్యమిస్తారో తెలియదు కాబట్టి. పిల్ల పాసు మార్కు దగ్గర ఊగిసలాడుతోంది. ఆ ప్రశ్న రాసిందా గట్టెక్కుతుంది, రాయలేదా మునుగుతుంది.

అక్కడే వచ్చింది తంటా.

“ఆయన నాతో అన్నాడు, నువ్వెక్కడికి వెళ్తున్నావు? దీన్ని మార్చు,” అన్నాను.

“హీ ఆస్క్‌డ్ మీ దట్ వేర్ ఆర్ యూ గోయింగ్.”

“దట్ ఎందుకొచ్చింది మధ్యలో?”

“అని అడిగాడు కదండీ. ఆ ‘అని’కి దట్ అండీ.”

చూశారా, తప్పు మన తెలుగులోనే ఉంది. మనకి ‘అని’ ఒకటి ఉంది కదా, ఎవరేమన్నా వాళ్ళ నోట్లోంచి వచ్చింది వచ్చినట్టే పట్టుకుని, వెనకాల ‘అని’ తగిలించి, మన పని అయిపోయిందంటాం. నువ్వెక్కడికి వెళ్తున్నావు అని అడిగాడు. అందులో ‘నువ్వు’ నువ్వుగానే ఉంటుంది, ప్రశ్న ప్రశ్నగానే ఉంటుంది. ఇంగ్లీషువాడు ఒప్పుకోడు. ‘నువ్వు’ని ‘నేను’ చెయ్యాలి, వరస తిప్పాలి, కాలం కూడా మార్చాలి. ఒక మాట మోసుకుపోవడానికి అంత హంగామా.

“ఆయనన్న మాట మనమెందుకు మారుస్తామండీ?” అంది అమ్మాయి, నిజంగానే తెలియక. “అది ఆయన మాట కదండీ.”

“ఇంగ్లీషువాడికి ఉత్తరం రాసి అడుగు! నన్నడుగుతావేం?” అని అరిచాను.

వారాలు గడిచాయి. మార్చి దగ్గరికొస్తోంది. ఆ అమ్మాయి ‘దట్’ వదల్లేదు, వరస తిప్పలేదు. ఒకరోజు ఇచ్చిన వాక్యాలన్నీ వరసపెట్టి తప్పు రాసుకొచ్చింది. నా తల ప్రాణం తోకకొచ్చింది. చేతిలో పుస్తకం అరుగు మీద పడేసి నెత్తి కొట్టుకున్నాను.

“నీకీ ముక్క ఎప్పుడొస్తుందో, నా తల ఎప్పుడు పగులుతుందో, ఆ దేవుడికే తెలియాలి!”

అన్నానో లేదో నా మాట నా చెవికే తగిలింది. ఎప్పుడొస్తుందో. ఎప్పుడొస్తుంది అంటే ప్రశ్న. ఎప్పుడొస్తుందో అంటే ప్రశ్న కాదు, ఇంకో వాక్యంలో ఇమిడే ముక్క. ఇంగ్లీషువాడు వరస తిప్పి చేసే పని మనం చివర ఒక్క ‘ఓ’ పెట్టి చేస్తాం! ఇన్నేళ్ళూ ఈ ‘ఓ’ని నోట్లో పెట్టుకుని ఊరంతా వెతికానన్నమాట. సంతోషం పట్టలేకపోయాను, దాంతోపాటే నా మీద నాకే మహా చిరాకేసింది.

“ఇలా రా. ‘అని’ మర్చిపో. తెలుగులో చివర ‘ఓ’ పెట్టి చూడు. ఓ వచ్చిందా, ఇంగ్లీషులో తిప్పెయ్. ఓ రాలేదా, తిప్పకు. బస్సెప్పుడొస్తుంది?”

“వెన్ విల్ ద బస్ కమ్.”

“బస్సెప్పుడొస్తుందో నాకు తెలీదు?”

ఆగింది. పెదాలు కదిపింది. “ఐ డోంట్ నో... వెన్ ద బస్... విల్ కమ్.”

“మళ్ళీ అను!”

మళ్ళీ అంది. ఆవిడ పేరేమిటో, పాప ఎందుకేడుస్తోందో, డాక్టరుగారు ఎప్పుడెళ్ళారో, అన్నీ తిప్పేసింది. ‘ఓ’ అనగానే చేత్తో గాల్లో గిరుక్కున తిప్పి మరీ చెప్పేది. నేను మర్నాడు ట్యుటోరియల్లో కూడా ఇదే చెప్పాను. క్లాసు క్లాసంతా ఓ అని అరుస్తుంటే ప్రిన్సిపాల్‌గారు పరుగెత్తుకొచ్చి, ‘ఐ వాంట్ టు నో వాట్ ఈజ్ హ్యాపెనింగ్’ అన్నారు. ఆయన దారి ఆయనదే.

తర్వాత కాలం మార్చడం చెప్పాను. అడిగింది నిన్న కాబట్టి లోపలి మాట కూడా పాతబడుతుంది, ‘ఈజ్’ పోయి ‘వాజ్’ వస్తుంది. ఒక్కదానికి మాత్రం మినహాయింపు. ఎప్పటికీ నిజమై ఉండేదాన్ని మార్చకూడదు. భూమి గుండ్రంగా ఉందని నిన్న చెప్పినా ఇవాళా గుండ్రంగానే ఉంది కాబట్టి అక్కడ ‘ఈజ్’ ఈజ్‌గానే ఉంటుంది. ఈ ముక్క మాత్రం ఆ అమ్మాయి వినగానే పట్టుకుంది. నేనడక్కుండానే తన సొంత వాక్యం చెప్పింది, సముద్రం ఉప్పగా ఉంటుందని మా నాన్న చెప్పాడు అని. ‘ఈజ్’ మార్చలేదు.

“శభాష్!” అన్నాను. నా నోట ఆ మాట రావడం అరుదు.

ఇక గట్టెక్కినట్టే అనుకుని, నా పాత వాక్యానికి వచ్చాను. ఇన్నేళ్ళుగా అందరికీ మొట్టమొదట చెప్పే వాక్యం అదే. అతనెక్కడున్నాడో నాకు తెలియదు.

“ఐ డోంట్ నో వేర్ ఈజ్ హీ,” అంది.

“ఓ వచ్చింది కదే! తిప్పు!”

తలొంచుకుంది.

“బస్సుకి తిప్పావు, డాక్టరుకి తిప్పావు, దీనికేం రోగం? తెలుగులో చెప్పు ముందు. ఎక్కడున్నాడో.”

చెప్పలేదు. నేను మళ్ళీ అడిగాను, గట్టిగా. అరుగు చివర స్తంభం దగ్గర వాళ్ళమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని వీధిలోకి చూస్తోంది. అమ్మాయి లేచి నా దగ్గరగా వచ్చి, చాలా మెల్లిగా అంది:

“ఆ ఒక్క మాట అమ్మ ముందు అననండీ. మా ఊళ్ళో దొరకని వాళ్ళున్నారు కదండీ, మొదట్లో అందరూ ‘మావాడెక్కడున్నాడు, మావాడెక్కడున్నాడు’ అని తిరిగారు. తర్వాత్తర్వాత ఒక్కొక్కళ్ళే ‘ఎక్కడున్నాడో ఏమో’ అనడం మొదలెట్టారు. అలా అన్నవాళ్ళందరూ నెల తిరక్కుండా దినాలు చేసేశారండీ. అమ్మ చూసింది. అడుగుతున్నన్నాళ్ళూ వాడున్నట్టేనండీ అమ్మకి.”

అప్పుడు తెలిసింది, రోజూ నా జవాబు విని ఆవిడ మొహమెందుకు తిప్పుకుంటోందో.

తెలిసినా నా కోపం చల్లారలేదు. నిజం చెప్పాలంటే పెరిగింది. ఎవరి మీదో తెలియని కోపం. “కాగితం మీద ఇంగ్లీషులో రాసేది మీ అమ్మకి తెలుస్తుందా ఏమిటి?” అన్నాను.

“నాకు తెలుస్తుంది కదండీ,” అంది.

ఆ వాక్యం తీసేశాను. గేదెలు కూడా తీసేశాను. పరీక్షదాకా బస్సులూ, డాక్టర్లూ, పాపలతోనే గడిపాం. పరీక్షలో ఈ వాక్యం రాకూడదని మా ఇంట్లో దేవుడి పటం ముందు దణ్ణం పెట్టుకున్నాను కూడా. అన్ని వాక్యాలుండగా ఇదే ఎందుకొస్తుంది, రాదు అనుకున్నాను.

పరీక్ష సెంటరు బందరులో పడింది. అమ్మాయి లోపల రాస్తుంటే బయట వాళ్ళమ్మని చూసేవాళ్ళుండాలి కదా, నేనూ వెళ్ళాను. మా ఆయనతో పాటే పాసింజరెక్కాం. ఆయన పెదన దాటేదాకా ఆ పిల్లకి ధైర్యం చెబుతూనే ఉన్నారు, అంతా ఇంగ్లీషులోనే. నోరు మూసుకోమని నేను కళ్ళతో చెబితే కిటికీలోంచి బయటికి చూశారు.

సెంటరుకి ఎదురుగా ఒక సాయిబుగారి టీ కొట్టుంది. ఆ బల్ల మీద పిన్నిగారిని కూర్చోబెట్టి పక్కన నేను కూర్చున్నాను. ఆవిడ ఊరుకుంటుందా? టీ గ్లాసు చేతికందిస్తుంటే ఆయన్నీ అడిగింది, మావాడెక్కడున్నాడండీ అని. ఆయన నావైపు చూశాడు. నేను తల అడ్డంగా ఊపాను. బందరులో ఉప్పెన సంగతి తెలియని మనిషి ఉండడు కదా, అర్థం చేసుకున్నాడు.

“టీ తాగమ్మా, చల్లారిపోతుంది,” అన్నాడు.

ఆవిడ తాగింది. ఆ పెద్దమనిషి నా దగ్గర టీ డబ్బులు కూడా తీసుకోలేదు.

గంట కొట్టారు. అమ్మాయి బయటికొచ్చింది. ప్రశ్నపత్రం లాక్కుని చూశాను. వ్యాసం ఆవు కాదు, అయినా ఏదో రాసిందట. ఉత్తరం వచ్చింది. ఇక ఆ ప్రశ్న. కళ్ళు దాని మీద పడగానే నా ఒళ్ళంతా భగ్గుమంది. టీచరు ఒక అమ్మాయిని అడిగింది, ‘వేర్ ఈజ్ యువర్ బ్రదర్?’ మార్చి రాయండి.

ఎవడు తయారుచేశాడో ఆ పేపరు! దేశంలో ఇంకేం ప్రశ్నలు లేవూ? నీ పుస్తకమెక్కడుంది అని అడగొచ్చు, నీ పలకెక్కడుంది అని అడగొచ్చు. దణ్ణం పెట్టినందుకు ఆ దేవుడు చేసిన ఉపకారమిదీ.

“వదిలేశావా?” అన్నాను, నా గొంతు నాకే వినపడనంత మెల్లిగా.

“లేదండీ. రాశాను.”

“తిప్పావా?”

“తిప్పానండీ. ఓ పెట్టేశాను.” రోడ్డవతల బల్ల మీద కూర్చున్న వాళ్ళమ్మ వైపు చూస్తూ అంది. గుడివాడ చేరేదాకా అమ్మ చెయ్యి పట్టుకునే కూర్చుంది. నేనింకేమీ అడగలేదు. అడిగే ధైర్యం లేక కాదు, అడిగితే ఏడుస్తుందేమోనని, అది ఏడిస్తే నేనూ ఏడుస్తానేమోనని.

ఫలితాలొచ్చాయి. పాసైంది. గొప్ప మార్కులేం కాదు, సరిగ్గా పాసు గీత మీద నిలబడింది. ఆ గీత చాలు. ట్రైనింగులో సీటూ వచ్చింది. బందరు వెళ్ళే రోజు స్టేషన్లో సాగనంపడానికి వెళ్ళాను. అమ్మాయి అరటిపళ్ళ అత్తం నా చేతిలో పెట్టి కాళ్ళకి దణ్ణం పెట్టబోయింది. నాకలాంటివి గిట్టవని కసిరాను. మేనమామ ట్రంకుపెట్టె పైకెక్కిస్తున్నాడు. పిన్నిగారు అప్పటికే కిటికీ పక్కన కూర్చుంది.

ఉండబట్టలేక అడిగేశాను. అది నా గుణం.

“ఆ రోజు వరస తిప్పావు, సరే. ‘ఈజ్’ని ‘వాజ్’ చేశావా మరి?”

“లేదండీ.”

“లేదా! నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పానే! వేర్ హర్ బ్రదర్ వాజ్ అని రాయాలి. మార్కు పోగొట్టుకుని ఉంటావు. అసలే గీత మీదున్నావు. ఎందుకు మార్చలేదు?”

రైలు కూత పెట్టింది. తలుపు కమ్మీ పట్టుకుని నావైపు వంగింది. భయం లేదు, సిగ్గు లేదు. పాఠం అప్పజెప్పినట్టే అంది:

“ఎప్పటికీ నిజమైందాన్ని మార్చకూడదని మీరే చెప్పారు కదండీ.”

అది సూర్యుడికి, భూమికి, సముద్రం ఉప్పదనానికీనే, నీ తమ్ముడికి కాదు అనబోయాను. నోటిదాకా వచ్చింది. అలా వచ్చిన మాట నేను మింగడం నా జన్మలో అదే మొదలు.

బండి కదిలింది. పిన్నిగారి మొహం కిటికీలోంచి నా ముందుకొచ్చింది. రోజూ అడిగేదే అడిగింది.

“టీచరమ్మగారూ, మావాడెక్కడున్నాడండీ?”

బండితో పాటు నాలుగడుగులు నడిచాను.

“అదే కదా పిన్నిగారూ నేనూ అడుగుతున్నది,” అన్నాను. “ఎక్కడున్నాడు?”

ఆవిడ మొహం తిప్పుకోలేదు. బండి మలుపు తిరిగేదాకా నన్నే చూసింది.